కన్‌స్ట్రక్టర్ ఎందుకు నడవడం లేదు?

ప్రశ్న: పీహెచ్‌పీలో (వెబ్‌సైట్లు రాసే ప్రోగ్రామింగ్ భాష) రాసిన పాత సైట్‌ని కొత్త సర్వర్‌కి మార్చాను. 'బిల్లు' క్లాసులో డేటాబేస్ కనెక్షన్ ఖాళీగా ఉంటోంది. కన్‌స్ట్రక్టర్ పేరూ 'బిల్లు'నే. టెన్షన్‌గా ఉందండీ.
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: కంగారు పడకండి. క్లాసు అంటే డేటానీ, దానితో పనిచేసే ఫంక్షన్లనీ కలిపి పెట్టిన మూస; ఆ మూసతో కొత్త ఆబ్జెక్ట్ తయారుచేయగానే దానంతటదే నడిచే ఫంక్షనే కన్‌స్ట్రక్టర్. క్లాసు పేరే కన్‌స్ట్రక్టర్‌కి పెట్టడం పీహెచ్‌పీ 4 నాటి పద్ధతి. 2004లో వచ్చిన 5వ వెర్షన్ నుంచి ముందు రెండు అండర్‌స్కోర్లు పెట్టి 'కన్‌స్ట్రక్ట్' అని రాస్తున్నాం. 2020లో వచ్చిన 8వ వెర్షన్‌లో పాత పద్ధతిని పూర్తిగా తీసేశారు. ఇప్పుడు మీ 'బిల్లు' మామూలు ఫంక్షన్, పిలిస్తేనే పలుకుతుంది. పేరు మార్చండి, చాలు.

ఇంకో మాట. ఒక కిరాణా షాపు సైట్ మారుస్తూ నేను రాత్రి రెండింటిదాకా వెతికింది ఇదే: ఒక క్లాసు (తల్లి) ఆధారంగా రాసిన పిల్ల క్లాసుకి సొంత కన్‌స్ట్రక్టర్ ఉంటే తల్లి క్లాసుది దానంతటదే నడవదు. పిల్ల కన్‌స్ట్రక్టర్ లోపల 'పేరెంట్', రెండు కోలన్లు, ఆ తర్వాత కన్‌స్ట్రక్టర్ పేరు పెట్టి మనమే పిలవాలి. మీ కనెక్షన్ తల్లి క్లాసులో ఉంటే అదీ చూసుకోండి.