అక్కడ దేన్ని చూసి సీటిస్తరు?

ప్రశ్న: మా బిడ్డ ఇంటర్ ఫస్టియర్ ఎంపీసీ, నల్లగొండల హాస్టల్‌ల ఉంటది. మా బామ్మర్ది కొడుకు జర్మనీల ఎమ్మెస్ చేస్తుండు, బీటెక్‌కే పంపు మామా, ఫీజు ఉండది అంటుండు. అమెరికాల మార్కులొక్కటే చూడరంట. మనకాడ ఎంసెట్ ర్యాంకొస్తే సీటు, మరి ఆ దేశాలల్ల దేన్ని చూసి సీటిస్తరు?
- ఒక తండ్రి, దేవరకొండ

జవాబు: అన్నా, ఇంటర్ ఫస్టియర్‌లనే అడిగిండ్రు, మంచి పని చేసిండ్రు. మన ఎంసెట్‌ల (ఇప్పుడు ఎప్‌సెట్ అంటుండ్రు) ఇదివరకు ఇంటర్ మార్కులకు 25 శాతం వెయిటేజీ ఉండె, 2023ల అది తీసేసిండ్రు, ఇప్పుడు గ్రూపు సబ్జెక్టులల్ల 45 శాతం, రిజర్వేషన్ ఉన్నోళ్లకు 40 శాతం వస్తే చాలు, మిగతాదంతా ఆ ఒక్క పరీక్షే.

జర్మనీల గట్ల కాదు. వాళ్లు ముందుగాల చూసేది మన ఇంటర్ వాళ్ల బడి ఆఖరు చదువుకు సరితూగుతదా లేదా అని, ఉత్త ఇంటర్ మెమోతోని డైరెక్టుగ బీటెక్ లాంటి కోర్సుల చేర్చుకోరు. జేఈఈ అడ్వాన్స్‌డ్ పాసైతే ఇంజినీరింగ్ లాంటి కోర్సులకు నేరుగ అప్లై చేయొచ్చు, లేదంటే ఇక్కడ గుర్తింపున్న యూనివర్సిటీల అదే లైన్‌ల ఒక సంవత్సరం పాసై పోవాలె, అదీ కాకుంటే అక్కడ స్టూడియన్‌కాలెగ్ అని ఒక ఏడాది చదివి పరీక్ష రాయాలె. డిగ్రీ కోర్సులు ఎక్కువ జర్మన్ భాషలనే ఉంటయ్. మీ అల్లుడు ఎమ్మెస్‌కు పోయిండు కాబట్టి ఈ తిప్పలు ఆయనకు తెల్వకపోవచ్చు. ఫీజు సంగతి నిజమే, సర్కారు యూనివర్సిటీలల్ల చానావరకు ఉండది, కానీ బాడెన్ వుర్టెంబెర్గ్ రాష్ట్రంల మనసొంటోళ్లకు సెమిస్టర్‌కు 1500 యూరోలు. అందుకే నా మాటైతే బిడ్డ జేఈఈ ప్రిపరేషన్ ఆపొద్దు, ఐఐటీ రాకున్నా ఆ పాస్ అక్కడ పనికొస్తది.

బ్రిటన్‌ల యూకాస్ అని ఒక్క అప్లికేషన్, ఐదు కోర్సులు పెట్టొచ్చు, ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్‌లల్ల ఏదో ఒక్కటే పెట్టాలె. ఎంచుకున్న సబ్జెక్టు మీద పిల్లకు నిజంగ ఇష్టముందా అనేది చూస్తరు, ఇన్ని మార్కులొస్తే సీటు ఖాయం అని ముందే రాసిస్తరు.

అమెరికాదే పెద్ద ముచ్చట. తొమ్మిదో తరగతి నుంచి పన్నెండు దాక నాలుగేండ్ల మార్కులు, సార్లు పిల్ల గురించి రాసిచ్చే లెటర్లు, పిల్ల సొంతంగ రాసే ఎస్సే, చదువు కాకుండ ఏం చేసింది అన్నీ చూస్తరు. కొన్ని యూనివర్సిటీలల్ల 1600 మార్కుల శాట్ అనే పరీక్ష రాయాల్సిందే, ఎంఐటీ అనే పేరున్న యూనివర్సిటీ 2022ల మళ్ల తప్పనిసరి చేసింది. కన్సల్టెన్సీ వాళ్లు మేం ఎస్సే రాసిస్తం అంటే ఒప్పుకోకుండ్రి అన్నా, అది పిల్ల గొంతు, వేరేటోళ్లు రాస్తే మోసమే. మర్రిగూడ దిక్కు ఫ్లోరైడ్ నీళ్ల గురించి ఆమె చూసింది చూసినట్టు రాస్తే, లేదా ఊరి బోరు నీళ్లు టెస్ట్ చేపిచ్చి లెక్క రాసిపెట్టుకుంటే, అప్పు చేసి కొనే ఏ సర్టిఫికెట్ కన్నా అదే బరువుంటది. కానీ పొద్దుగాల నుంచి రాత్రి దాక క్లాసులే ఉండే హాస్టల్‌ల ఆ పిల్లకు ఇంకో పని చేసే టైమేది, నాకు బాధయ్యేది అక్కడనే.

ఒక్కటి మాత్రం ఈ వారంలనే చేయండి. తొమ్మిదో తరగతి మార్కులు మనకాడ ఎవరూ అడగరు కాబట్టి దాచిపెట్టం, బిడ్డ చదివిన బడికి పోయి తొమ్మిది, పది ప్రోగ్రెస్ రిపోర్టులు హెడ్మాస్టర్ సంతకం, స్టాంపుతోని తీసుకోండి, ప్రైవేటు బడైతే ఇంకా తొందరగ, అది మూతపడ్డంక ఆ కాయితం ఇచ్చేటోళ్లు దొరకరు.