సైటు పోయినా కన్ను పొడవు తగ్గదు

కంటి జబ్బులపై పాఠకుల ప్రశ్నలకు నేత్రవైద్యుల జవాబులు

ప్రశ్న: మావాడికి 24 ఏళ్లు. రెండు కళ్లకూ మైనస్ 8 సైటు. కళ్లజోడు వదిలించుకోవడానికి లేజర్ చేయించుకుంటానని పట్టుబట్టాడు. మా బంధువులమ్మాయికి అలాగే చేయించాక రెండేళ్లకు రెటీనా ఊడింది, లేజర్ వల్లేనని అందరూ అంటున్నారు. ఇప్పుడు మావాణ్ణి చూసిన డాక్టరేమో 'ముందు రెటీనాకు లేజర్ పెట్టాలి, సైటు లేజర్ సంగతి తర్వాత' అంటున్నారు. ఏం చేయమంటారు?
– ఓ తల్లి, కావలి

జవాబు: అమ్మా, రెండింటినీ లేజర్ అనే అంటారు గానీ పనులు వేరు. సైటు తీసే లాసిక్ లేజర్ కంటి ముందుండే కార్నియాను చెక్కుతుంది. దాని మందం అర మిల్లీమీటరు పైచిలుకు. ఆ కిరణం అక్కడే ఆగిపోతుంది, కంటి వెనక చూపు పొర అయిన రెటీనా దాకా రాదు. రెటీనాకు పెట్టేది సాధారణంగా ఆకుపచ్చ లేజర్. అది కార్నియానూ లెన్సునూ దాటిపోయి వెనక పొర మీద సన్నటి వాతలు పెడుతుంది.

మరి లాసిక్ చేయించుకున్నవాళ్లకు రెటీనా ఎందుకు ఊడుతుంది? చాలావరకు, వాళ్లకు ముందు నుంచీ ఉన్న సైటు వల్ల. మామూలు కన్ను ముందు నుంచి వెనక్కి 23, 24 మిల్లీమీటర్లుంటుంది. మిల్లీమీటరు పెరిగితే సుమారు 3 పాయింట్ల మైనస్ వస్తుంది. అంటే మీవాడి కన్ను 26 దాటి ఉండొచ్చు. కన్ను సాగేకొద్దీ ఊదిన బుడగ రబ్బరులా లోపలి రెటీనా పలచబడుతుంది, అంచుల్లో మరీను. అక్కడ చిల్లి పడిందా, కంట్లోని నీరు అందులోంచి దూరి రెటీనాను గోడ నుంచి లేపేస్తుంది. లాసిక్ మార్చేది కార్నియా వంపునే. పొడవు అలాగే ఉంటుంది, దాంతో వచ్చే ముప్పూ ఉంటుంది.

ఒక అనుమానం మాత్రం వైద్యుల్లోనూ ఉండేది. కార్నియా మీద ఫ్లాప్ (మూతలా లేపే పలచని పొర) కోసేటప్పుడు కంటికి రింగు బిగించి పీలుస్తారు. మామూలుగా 10 నుంచి 21 ఉండే కంటి ప్రెజర్ ఆ కాసేపు 65 దాటొచ్చు. ఆ ఒత్తిడికి లోపలి జెల్లీ కదిలి రెటీనాను లాగుతుందేమోనని భయం. అయితే అంతే సైటుండి లాసిక్ చేయించుకోనివాళ్లకంటే చేయించుకున్నవాళ్లకు రెటీనా ఎక్కువగా ఊడుతుందని రుజువు కాలేదు. అయినా పలచని చోట చిల్లులుంటే ముందే చుట్టూ లేజర్ కట్టేసి, రెండు మూడు వారాలు ఆగి లాసిక్‌కు వెళ్లడం మంచిది. మీ డాక్టరు చెప్పింది సబబే. చిల్లి లేని పలచదనానికైతే అందరికీ లేజర్ అక్కర్లేదు. 'చిల్లి ఉందా, లేక పలచబడిందా?' అని అడగండి.

కంప్యూటర్ చెకప్‌లో అంతా బాగుందన్న మాటకు రెటీనా విషయంలో విలువ లేదు. ఆ మిషన్ సైటు కొలుస్తుంది, అంతే. మామూలు రెటీనా ఫోటోలోనూ నడిమి భాగమే పడుతుంది. చిల్లులుండేది అంచుల్లో. చుక్కలు వేసి అరగంట కూర్చోబెట్టి, పడుకోబెట్టి, డాక్టరు తలకు లైటు పెట్టుకుని రెప్ప మీద చిన్న పుల్లతో నొక్కుతూ చుట్టూ చూడాలి. ఆ తర్వాత నాలుగైదు గంటలు చూపు మసకే, తిరుగు ప్రయాణంలో బండి ఇంకొకరు నడపాలి.

అసలు మైనస్ 8కి లాసిక్ కుదురుతుందా అన్నదీ చూడండి. కార్నియా 520 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) ఉందనుకుందాం. ఫ్లాప్‌కు 110, చెక్కడానికి దాదాపు 115 పోతే మిగిలేది 295. కనీసం 250 ఉండాలంటారు, 300 ఉంటే మేం నిశ్చింతగా ఉంటాం. అంత మిగలనంత పలచని కార్నియా అయితే కంట్లో లెన్సు పెట్టించుకోవడం మేలు. దానికీ రెటీనా పరీక్ష తప్పదు.

లాసిక్ అయ్యాక పాత సైటు చీటీ, కన్ను పొడవు రిపోర్టు పారేయకండి. పదేళ్ల తర్వాత వేరే ఊళ్లో కళ్లజోడు లేని మనిషిని చూసిన డాక్టరుకు ఇతను మైనస్ 8 అని ఎలా తెలుస్తుంది? శుక్లం ఆపరేషన్ రోజున లెన్సు లెక్కకూ ఆ కాగితాలు పనికొస్తాయి. ఏటా ఒకసారి చుక్కలు వేయించి చూపించుకోవాలి.

ప్రశ్న: రెటీనాలో చిల్లి ఉందని పోయిన వారం లేజర్ పెట్టారు. కంటి ముందు నల్లటి చుక్కలు ఇంకా ఆడుతూనే ఉన్నాయి. లేజర్ ఫెయిలైనట్టా? నేను గ్రానైట్ క్వారీలో పనిచేస్తాను.
– ఓ పాఠకుడు, చీమకుర్తి

జవాబు: కాదు. ఆ చుక్కలు జెల్లీలోని నలకల నీడలు, లేజర్ వాటిని తీయదు. చిల్లి చుట్టూ రెండు మూడు వరసల వాతలు పెడతారు, అవి మచ్చకట్టి గట్టిగా అతుక్కోవడానికి 10 నుంచి 14 రోజులు పడుతుంది. అందాకా బరువులు, కుదుపులు వద్దు. రివ్యూకు తప్పకుండా వెళ్లండి. చిల్లికి ముందువైపు అంచున వాతలు అందక ఖాళీ మిగిలితే నీరు అక్కడి నుంచే కారుతుంది.

రోజూ ఒక కన్ను అరచేత్తో మూసి ద్వారబంధం నాలుగు మూలలూ కనిపిస్తున్నాయో లేదో చూసుకోండి, తర్వాత రెండో కన్ను. రెండూ తెరిచి చూస్తే మంచి కన్ను లోటును కప్పేస్తుంది. కొత్తగా చుక్కలు గుంపుగా వచ్చినా, చీకట్లో కంటి మూల మెరుపులు ఎక్కువైనా, ఒక పక్క నుంచి నల్లటి తెర అడ్డొచ్చినా అదే రోజు బయల్దేరండి. నొప్పి ఉండదు, అదే మోసం. వేడి చేసిందనుకుని మెడికల్ షాపు చుక్కల మందుతో వారం గడిపేవాళ్లు మన జిల్లాలో తక్కువేం కాదు. రెటీనా బాగా లేచాక లేజర్ అతకదు, ఆపరేషనే. నడిమి చూపు భాగం ఊడకముందు ఒకట్రెండు రోజుల్లో చేస్తే చూపు బాగా దక్కుతుంది. ఒంగోలులోనో విజయవాడలోనో ముందు ఫోన్ చేసి, రెటీనా సర్జన్ ఆ రోజు ఉన్నారో లేదో కనుక్కుని వెళ్లండి.

మళ్లీ పనిలోకి దిగాక కళ్లద్దాలు తప్పనిసరి. ఉలి దెబ్బకు ఎగిరే ఇనుప ముక్క కంట్లోకి దూరితే ఏ లేజరూ కాపాడదు.

ప్రశ్న: రెటీనా ఆపరేషన్ చేసి అమ్మ కంట్లో గ్యాస్ నింపారు. మొక్కు ఉంది, తిరుమల తీసుకెళ్లొచ్చా?
– ఓ పాఠకురాలు, నెల్లూరు

జవాబు: ఇప్పుడు వద్దు. కొండ సుమారు 3,000 అడుగుల ఎత్తు. పైకెక్కేకొద్దీ గ్యాస్ బుడగ ఉబ్బి కంటి ప్రెజర్ పెరగొచ్చు. బస్సులో వెళ్లినా, మెట్లెక్కినా అంతే, విమానమైతే అసలే కూడదు. ఎస్ఎఫ్6 గ్యాస్ కరగడానికి సుమారు రెండు వారాలు, సీ3ఎఫ్8 అయితే రెండు నెలల దాకా పడుతుంది. ఏది పెట్టారో డిశ్చార్జి కాగితంలో ఉంటుంది. బుడగ పూర్తిగా పోయిందని సర్జన్ చూసి చెప్పాకే టికెట్లు చేయించండి. గ్యాస్ బదులు సిలికాన్ ఆయిల్ పెట్టి ఉంటే ఎత్తుతో ఇబ్బంది లేదు గానీ, తలనీలాలప్పుడు కంట్లోకి నీళ్లు పోకూడదు కాబట్టి ఆ మొక్కూ కొన్నాళ్లు ఆపండి. ఈలోగా వేరే ఏ ఆపరేషన్ అవసరమైనా కంట్లో గ్యాస్ ఉందని మత్తు డాక్టరుకు ముందే చెప్పాలి. మత్తుకు వాడే నైట్రస్ ఆక్సైడ్ ఇస్తే బుడగ నిమిషాల్లో ఉబ్బుతుంది.