సిటిజన్‌షిప్ తీసుకుంటే ఊళ్లో పొలం పోతుందా?

గ్రీన్ కార్డ్ వచ్చి ఐదేళ్లు నిండాయనీ, అమెరికా సిటిజన్‌షిప్‌కి వెళ్తే ఊళ్లో పొలం ఏమవుతుందోనని ఆగిపోయాననీ రాశారు. మా ఇంట్లోనూ చాలాకాలం ఇదే చర్చ నడిచిందండీ.

అసలు సంగతేమిటంటే, చేతిలో ఇండియన్ పాస్‌పోర్ట్ ఉన్నా ఎన్నారైగా మీరు ఇప్పటికే వ్యవసాయ భూమి కొనలేరు. ఓసీఐకీ (విదేశీ పౌరసత్వం తీసుకున్న మనవాళ్లకు ఇండియా ఇచ్చే కార్డు) అదే నిబంధన. ఇండియాలో ఉన్న రోజుల్లో కొన్న పొలం ఉంచుకోవచ్చు, నాన్నగారి నుంచి వారసత్వంగా వచ్చేదీ తీసుకోవచ్చు. ఫ్లాట్లు, ఇళ్లస్థలాలకు అడ్డేమీ లేదు. అంటే పొలం విషయంలో కొత్తగా పోయేది లేదు. నిజంగా పోయేది అక్కడి ఓటు. ఎన్నారైలు పోలింగ్ రోజున స్వయంగా బూత్‌కి వెళ్లాలి కాబట్టి, మనలో ఎంతమందిమి వేశామో చెప్పక్కర్లేదు.

నేను అప్లై చేసింది మాత్రం అమ్మ కోసం. ఆవిడ మంచాన పడ్డప్పుడు పక్కన కూర్చున్నా నా కన్ను క్యాలెండర్ మీదే. గ్రీన్ కార్డుతో ఒకే ట్రిప్‌లో ఆరు నెలలు దాటితే సిటిజన్‌షిప్‌కి కావలసిన నిరంతర నివాసం మీద ప్రశ్నలొస్తాయి. ఏడాది దాటితే, రీఎంట్రీ పర్మిట్ (తిరిగి రావడానికి ముందే తీసుకునే అనుమతి) లేకపోతే, వెనక్కి రావడానికే ఇబ్బంది. సిటిజన్‌కి ఈ టెన్షన్ ఉండదు, ఎన్నాళ్లు కావాలంటే అన్నాళ్లు ఉండి రావచ్చు. తల్లిదండ్రులకు గ్రీన్ కార్డ్ పిటిషన్ వేయగలిగేదీ సిటిజనే, వాళ్లకు కోటా క్యూ లేదు. కానీ ఏడాదిలో ఎక్కువ భాగం ఊళ్లోనే ఉంటామనే పెద్దవాళ్లకు ఆ కార్డు నిలవదు, వాళ్లకు విజిటర్ వీసానే నయం.

సిటిజన్‌షిప్ దరఖాస్తు ఫారం ఎన్-400ని గ్రీన్ కార్డుతో ఐదేళ్లు నిండడానికి 90 రోజుల ముందే వేయొచ్చు. ఆ ఐదేళ్లలో కనీసం 30 నెలలు అమెరికాలో ఉండి ఉండాలి. 2025 అక్టోబర్ 20 నుంచి వేసినవాళ్లకు సివిక్స్ టెస్ట్ (అమెరికా చరిత్ర, ప్రభుత్వం మీద అడిగే పరీక్ష) మారింది: 128 ప్రశ్నల్లోంచి 20 వరకు అడుగుతారు, 12 చెప్పాలి. చదివితే వచ్చేస్తుంది. దానికన్నా మీ ప్రయాణాల తేదీలు పాస్‌పోర్ట్ స్టాంపులతో సరిచూసి పెట్టుకోండి, ఇంటర్వ్యూలో వాటి గురించీ అడుగుతారు.

ఓత్ (సిటిజన్‌షిప్ ప్రమాణం) తీసుకున్నాక ఇండియా ట్రిప్ వెంటనే పెట్టుకోకండి. మన చట్టం రెండు పౌరసత్వాలు ఒప్పుకోదు, కాబట్టి పాత పాస్‌పోర్ట్ మీద ప్రయాణం చేయకూడదు. ముందు అమెరికన్ పాస్‌పోర్ట్, ఇండియన్ పాస్‌పోర్ట్ సరెండర్, ఆ తర్వాత ఓసీఐ. ఈలోగా తప్పనిసరిగా వెళ్లాల్సి వస్తే వీసా తీసుకోవాలి.