ఎదురెదురు దుకాణాలు, మధ్యలో మెకరాన్

పోయిన నెల ఈ పేజీలో ఒక ఫ్రెంచ్ మిఠాయి ప్రేమకథ గురించి రాశాను కదా. ప్యారిస్‌లో ఒకే వీధిలో ఎదురెదురు దుకాణాలు, అతనివి మెకరాన్లు (బాదం పొడి, తెల్లసొనతో చేసే ఫ్రెంచ్ మిఠాయి బిళ్లలు), ఆమెవి చాక్లెట్లు, ఇద్దరికీ అస్సలు పడదు, చివరికి ప్రేమలో పడతారు. ఇన్ని ఉత్తరాలు వస్తాయనుకోలేదు. సగం హీరోని తిట్టినవి, మిగతా సగం చదువుతుంటే ఆకలేసిందన్నవి.

ప్రశ్న: అతను మనిషిని పంపి ఆమె చాక్లెట్ దొంగచాటుగా కొనిపించి, తలుపేసుకుని విరిచి, వాసన చూసి నోట్‌బుక్‌లో రాసుకుంటాడు. అది ప్రేమా, గూఢచర్యమా? (మల్కాజిగిరి నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: రెండూనమ్మా. పుస్తకం మొత్తంలో నాకు నచ్చిన సీన్ మాత్రం అదే. ముక్క విరిస్తే టక్‌మంటుంది, అతని మొహం మాడిపోతుంది. ఆ టక్ ఊరికే రాదు. డార్క్ చాక్లెట్‌ని 45-50 డిగ్రీల దాకా కరిగించి, 27-28కి చల్లార్చి, మళ్లీ 31-32కి తేవాలి, అప్పుడే అందులోని కోకో వెన్న సరిగ్గా గడ్డకట్టి ఆ మెరుపూ ఆ విరుపూ వస్తాయి, లెక్క తప్పితే బూజు పట్టినట్టు తెల్ల మచ్చలు తేలతాయి. ఆమె పనితనం ఏపాటిదో వీధి మొత్తంలో అతనొక్కడికే, అదీ చప్పుడు విని తెలిసింది. పెళ్లిచూపుల్లో కాఫీ తాగి ‘బావుందండీ’ అనేవాళ్ల కంటే ఇతను నయం. అదే చాక్లెట్ కాపీ కొట్టి తన షోకేసులో పెట్టుంటే నేనూ మీ పక్షమే.

ప్రశ్న: మిఠాయిల కోసం కోర్టుకెక్కే పగలు నిజంగా ఉంటాయా? రచయిత్రి మరీ అతి చేసింది. (సైనిక్‌పురి)

జవాబు: ఉంటాయండీ. వియన్నాలో సాకర్ టోర్టె అని ఒక చాక్లెట్ కేక్ ఉంది. ‘అసలుది’ అనే మాట ఎవరిదని హోటల్ సాకర్‌వాళ్లూ డెమెల్ అనే మిఠాయి దుకాణంవాళ్లూ ఏళ్ల తరబడి కోర్టులో కొట్టుకుని 1963లో గానీ రాజీ పడలేదు. కేక్ మధ్యలో కూడా జామ్ ఉండాలా అన్నది కూడా అందులో ఒక వాదన! మన దేశంలో రసగుల్లా మాదంటే మాదన్న గొడవ తెలిసిందే, బెంగాల్‌కి 2017లో, ఒడిశాకి 2019లో విడివిడిగా జీఐ గుర్తింపు (ఫలానా ప్రాంతపు సరుకని ఇచ్చే గుర్తింపు) వచ్చింది. కాజా విషయానికొస్తే, కాకినాడలో ఉండే మా పెదనాన్న ముందు తాపేశ్వరం మడత కాజాని పొగిడి చూడండి. గొట్టం కాజా కొరికితే పాకం గడ్డం మీదికి కారాలిరా, పొరలు తిప్పుకుంటూ కూర్చోడానికి అదేమన్నా పుస్తకమా అంటాడు.

ప్రశ్న: మెకరాన్‌కి ‘పాదం’ అంటారేమిటి? జూలైలో మూడుసార్లు చేశాను, మూడుసార్లూ పైన పగిలాయి. మావారు బాదం బిళ్లలని పేరు పెట్టి తినేశారు. (మెహిదీపట్నం)

జవాబు: మంచి మొగుడే. పాదమంటే బిళ్ల కింద చుట్టూ వచ్చే గరుకు నురగ అంచు. బాదం పొడి, పంచదార, గిలక్కొట్టిన తెల్లసొన కలిపి బిళ్లలు పోశాక కాసేపు ఆరనిస్తే పైన పల్చటి పొర కడుతుంది. ఓవెన్‌లో ఆవిరి పైనుంచి పోయే దారిలేక కిందినుంచి తన్నుకొస్తుంది, అదే పాదం. మన జూలై ముసురులో బిళ్ల ఆరదు, పొర కట్టదు, పగలక ఏం చేస్తుంది? ఏసీ గదిలో పెట్టండి, వేలితో తాకితే అంటుకోనప్పుడే ఓవెన్‌లోకి పంపండి. నేను పాడుచేసిన ట్రేని మా అమ్మాయి చంద్రుడి ఉపరితలమని స్కూల్ ప్రాజెక్ట్‌కి పట్టుకెళ్లింది. అంత ఓపిక లేకపోతే పాతబస్తీలో బాదం కీ జాలీ తెప్పించుకోండి, అదీ బాదం, పంచదారే.

ప్రశ్న: మా అత్తగారు శాకాహారి. నాలుగు మెకరాన్లు తిన్నాక ‘ఇందులో గుడ్డుందా’ అని అడిగారు. ఏం చెప్పను? టెన్షన్‌గా ఉంది. (నల్లకుంట)

జవాబు: ఉందనే చెప్పండి. ఈసారి శనగలు ఉడికించిన నీళ్లు గిలక్కొట్టి చేసినవి పెట్టండి, అవీ తెల్లసొనలాగే నురగ కడతాయి.

ప్రశ్న: నాకు ఉప్పల్‌లో చిన్న బేకరీ ఉంది. ఎదురుగా ఇంకో బేకరీ తెరిచినప్పుడు ఏడ్చాను. తర్వాత అతని పఫ్ చూసి నేను నూనె మార్చాను, నా దిల్‌పసంద్ చూసి అతను కొబ్బరి పెంచాడు. నవలలో ఆమె పెళ్లికి ముందు తన దుకాణం మూసేసి అతని దాంట్లో కలుస్తుంది. దాని గురించి మీరు ఒక్క ముక్క రాయలేదేం?

జవాబు: తప్పు నాదే. మీ ఉత్తరం చదివి ఆ అధ్యాయం మళ్లీ తీశాను. వాళ్లను దగ్గర చేసిందే ఆ పోటీ, ముడిపడగానే దాన్ని చంపేశారు. ప్యారిస్‌లో మెకరాన్లకి పేరుపడ్డ 1862 నాటి లదూరే దుకాణంలో పనిచేసి బయటికొచ్చిన పియెర్ ఎర్మె అనే మిఠాయి మాస్టర్ అదే ఊళ్లో 2001లో సొంత దుకాణం తెరిచాడు, గులాబీ, లిచీ, రాస్ప్‌బెర్రీ కలిపిన ఇస్పహాన్ అనే మిఠాయితో పేరు కొట్టేశాడు. ఎవరి బోర్డూ ఎవరూ దింపలేదు. ఈ పుస్తకంలో ఆమె బోర్డు దింపుతుంటే అతను కింద నిచ్చెన పట్టుకుని నిలబడతాడు, ఎంతో ప్రేమగా. మొదటిసారి చదివినప్పుడు ముచ్చటేసింది. ఈసారి ఆ నిచ్చెన లాగేయాలనిపించింది.