డాలస్ పాత రెజ్లింగ్: ఆ తలుపు దగ్గర్నుంచి మొదలుపెట్టండి

"డబ్ల్యూడబ్ల్యూఎఫ్ (ఇప్పటి డబ్ల్యూడబ్ల్యూఈ) దేశమంతా పాకకముందు అమెరికాలో ఒక్కో ప్రాంతానికి ఒక్కో రెజ్లింగ్ కంపెనీ ఉండేదట. ఆ రోజుల మ్యాచ్‌లలో తప్పకుండా చూడాల్సినవి ఏవి? ఇప్పుడు చూస్తే బోరు కొడతాయా?" అని అడిగారు.

రెండోదానికి ముందు జవాబు చెప్తాను. ఏదో టాప్ టెన్ జాబితా పట్టుకుని ఒక్కో మ్యాచ్ విడివిడిగా చూస్తే కొడతాయి. నాకూ మొదట్లో కొట్టింది. డైలీ సీరియల్ మధ్యలో ఓ ఎపిసోడ్ పెట్టుకుని, ఎవరు ఎవరికి ఏమవుతారో అర్థంకాక టీవీ కట్టేసినట్టే ఉంటుంది. అదే వరసలో చూశారంటే తెల్లారేదాకా లేవరు. నేనుండేది డాలస్ కాబట్టి డాలస్ సంగతే చెప్తాను.

1999లో ఉద్యోగం మీద ఇర్వింగ్ వచ్చాను. ఇప్పుడంటే ఇర్వింగ్‌లో ఏ సందులో చూసినా మనవాళ్లే, గోంగూర మటన్ దొరకని వారం లేదు. అప్పట్లో అంత లేదు. మా అపార్ట్‌మెంట్ బాల్కనీలో నిలబడితే దూరంగా అమెరికన్ ఫుట్‌బాల్ ఆడే టెక్సాస్ స్టేడియం కనిపించేది. పైకప్పు మధ్యలో పెద్ద కన్నంతో, మూత సగం తీసిన గిన్నెలా ఉండేది. మా ఆఫీసు బిల్డింగ్ మెయింటెనెన్స్ చూసే ఆయన ఒకడు నాకు కాఫీ స్నేహితుడు. పక్కా టెక్సాస్ మనిషి. చిన్నప్పుడు బడిలో రెజ్లింగ్ ట్రంప్ కార్డులు ఆడేవాళ్లమని, ఛాతీ కొలత, బరువు, ర్యాంకు చెప్పుకుని కార్డులు గెల్చుకునేవాళ్లమని ఓసారి గొప్పగా చెప్పాను. ఆయన జాలిగా చూసి, "అది రెజ్లింగ్ కాదు బాబూ" అన్నాడు. సోమవారం వచ్చేసరికి కిరాణా సంచీలో పదకొండు వీడియో క్యాసెట్లు నా కుర్చీలో ఉన్నాయి.

ఆ వ్యవస్థ ఎలా నడిచేదో తెలియకపోతే ఆ క్యాసెట్లు అర్థం కావు. మన సినిమా డిస్ట్రిబ్యూషన్‌లో నైజాం, సీడెడ్, ఉత్తరాంధ్ర అని ఏరియాలు ఉంటాయి చూడండి, అచ్చం అలాగే. 1948లో మొదలైన ఎన్‌డబ్ల్యూఏ అనే సంఘం కింద ప్రమోటర్లు తలో ఏరియా పంచుకున్నారు. ఒకరి ఏరియాలోకి ఇంకొకరు రాకూడదు. అందరికీ కలిపి ప్రపంచ ఛాంపియన్ ఒక్కడే. వాడు బెల్టు భుజాన వేసుకుని ఏరియాలన్నీ తిరుగుతాడు. వచ్చిన చోటల్లా ఊరి వీరుడు వాణ్ణి ఓడించినంత పని చేస్తాడు. ఏదో ఒక అన్యాయం జరుగుతుంది, బెల్టు మళ్లీ విమానం ఎక్కి వెళ్లిపోతుంది. జనం పళ్లు కొరుక్కుంటూ ఇంటికి పోయి, వచ్చేసారికి మళ్లీ టికెట్లు కొంటారు. 1980లలో ఆ ఛాంపియన్ రిక్ ఫ్లేర్. ఎదుటివాణ్ణి గొప్పోడిగా చూపించడంలో ఆయన్ని మించినవాడు లేడని నా నమ్మకం. కళ్లు చెదిరే అంగీలేసుకుని వచ్చి, ఊరంతా తిట్టేలా ప్రవర్తించి, చివరికి ఊరి కుర్రాడి చేతిలో చావుదెబ్బలు తినేవాడు.

డాలస్‌లో ఆ ఊరి కుర్రాళ్లు వాన్ ఎరిక్ అన్నదమ్ములు. తండ్రి ఫ్రిట్జ్ వాన్ ఎరిక్ అసలు పేరు జాక్ ఆడ్కిసన్. రెండో ప్రపంచ యుద్ధం అయిపోయాక జర్మన్ విలన్ వేషం కట్టి పైకొచ్చిన టెక్సాస్ మనిషి. తర్వాత ప్రమోటర్ అయ్యాడు, సొంతగడ్డ మీద హీరో అయ్యాడు, పేరు మాత్రం మార్చుకోలేదు. అరచేయి మొత్తం చాపి ఎదుటివాడి నుదురు పట్టుకుని పిండే 'ఇనుప పంజా' ఆయన పట్టు, కొడుకులకూ అదే ఆస్తి. 1982 జూన్‌లో టెక్సాస్ స్టేడియంలో కింగ్‌కాంగ్ బండీ అనే భారీ మనిషిని ఓడించి రిటైర్ అయ్యాడు. (మన పెద్దవాళ్లు దారాసింగ్ కథల్లో చెప్పే కింగ్‌కాంగ్ వేరు, ఆయన హంగేరీ మనిషి. క్యాసెట్ మీద పేరు చూసి నేనూ ఒక నిమిషం పొరబడ్డాను.) కొడుకుల్లో ముగ్గురిని గుర్తుపెట్టుకోండి. కాళ్లకి బూట్లు లేకుండా కొట్లాడే కెవిన్. ఆరడుగుల ఏడంగుళాల డేవిడ్, మైకు పట్టుకుంటే తండ్రిని మించినవాడు. కెర్రీ మాత్రం కండలు తిరిగిన అందగాడు. కాలేజీలో డిస్కస్ విసిరేవాడట, రింగులో గిర్రున తిరిగి కొట్టే దెబ్బకి ఆ పేరే పెట్టారు. కెర్రీ రింగులోకి నడిచొస్తుంటే అమ్మాయిలు పెట్టే కేకలకి కామెంటరీ చెప్పే బిల్ మెర్సర్ గొంతు వినబడదు.

శుక్రవారం రాత్రి స్పోర్టటోరియంలో ఆట, శనివారం రాత్రి ఛానెల్ 39లో ప్రసారం. స్పోర్టటోరియం అంటే డౌన్‌టౌన్ కింద, కేడిజ్ వీధి మొగలో ఉండే పెద్ద రేకుల షెడ్డు. అంతకుమించి వర్ణించడానికి ఏమీ లేదు. ఏసీ లేదు, నాలుగైదు వేలమంది కిక్కిరిసి చెమటతో ఉడికిపోయేవాళ్లు. ఛానెలేమో ఒక క్రైస్తవ ప్రచార సంస్థది. రక్తం కారే కుస్తీ, ఆ పక్కనే ప్రార్థనలు, ఎవరికీ అభ్యంతరం లేదు. కెమెరాలు రింగు అంచుకి తెచ్చి, మైకులు దగ్గర పెట్టి తీసేవారు. పడిన ప్రతిసారీ చెక్క దడేల్మన్న చప్పుడు మీ గదిలోనే వినపడుతుంది. 2001లో ఆ క్యాసెట్లిచ్చిన పెద్దాయన నన్ను ఆ షెడ్డు చూపించడానికి తీసుకెళ్లాడు. మూతపడి, రేకులు తుప్పు పట్టి ఉంది. ఆయన తాళం వేసిన తలుపు మీద చెయ్యి పెట్టి కాసేపు అలాగే నిలబడ్డాడు. 2003లో కూల్చేశారు.

ఇక మొదలుపెట్టాల్సిన చోటు. 1982 డిసెంబర్ 25, క్రిస్మస్ రాత్రి, డాలస్ రీయూనియన్ అరీనా. ఇనుప వలల బోనులో ఫ్లేర్ మీద కెర్రీ. బోనులో మామూలు రిఫరీతో పాటు జనం ఓట్లేసి ఎంచుకున్న రెండో రిఫరీ మైకేల్ హేస్. ఫ్రీబర్డ్స్ అనే అట్లాంటా ముఠా నాయకుడు, అప్పటికి వాన్ ఎరిక్‌లకి జిగిరీ దోస్తు. బోను తలుపు దగ్గర కాపలా హేస్ మనిషే, టెర్రీ గోర్డీ అనే కొండంత కుర్రాడు. ఆట ముదిరాక హేస్ ఫ్లేర్‌ని ఒక్కటిచ్చి పడేసి, "పో, మీద పడు, బెల్టు నీదే" అన్నట్టు కెర్రీకి చూపిస్తాడు. కెర్రీ వద్దంటాడు. అలా గెలవనంటాడు. ఈ చేతకాని పెద్దమనిషి తరహా చూసి హేస్‌కి తిక్క రేగుతుంది, నీ కర్మ అని బయటికి పోబోతాడు. అదే క్షణంలో ఫ్లేర్ వెనకనుంచి మోకాలితో పొడిస్తే కెర్రీ వెళ్లి హేస్ మీద పడతాడు. తలుపు దగ్గరున్న గోర్డీకి కనిపించింది ఒక్కటే: కెర్రీ తన నాయకుణ్ణి కొట్టాడు. ఆ ఇనుప తలుపు లాగి కెర్రీ తల మీద దడాలున వేస్తాడు.

పెద్దాయన క్యాసెట్‌లో సరిగ్గా ఆ చోట తెర నిండా తెల్లగీతలు. పదిహేడేళ్లుగా వెనక్కి తిప్పీ తిప్పీ టేపు అరిగిపోయింది. మీరు చూసేటప్పుడు తలుపు వైపు కాకుండా వెనక జనం వైపు చూడండి. ఒక్క అరక్షణం ఎవరూ అరవరు. ఏం జరిగిందో వాళ్లకి బుర్రకెక్కదు. తర్వాత లేచే అరుపు వేరు. అది మోసపోయినవాళ్ల అరుపు. కెర్రీ కాసేపు తూలుతూ ఆడతాడు, చివరికి ఇక ఆడలేడని రిఫరీ ఆపేస్తాడు. బెల్టు మళ్లీ ఫ్లేర్‌తో వెళ్లిపోయింది. డాలస్‌లో ఆ రాత్రి బెల్టు ఊసు ఎవరికీ పట్టలేదు.

ఆ తలుపు చప్పుడు మీద ఏళ్ల తరబడి బతికారు. 1983 అంతా ముగ్గురు అన్నదమ్ములు, ముగ్గురు ఫ్రీబర్డ్స్ (మూడోవాడు బడ్డీ రాబర్ట్స్). ఏ శుక్రవారం తెరిచినా కొట్లాటే. ఒకేలా ఉంటాయి కాబట్టి అన్నీ చూడక్కర్లేదు. నవంబర్‌లో థాంక్స్‌గివింగ్ నాడు ఓడినవాడు ఊరొదిలి పోవాలన్న షరతు మీద కెర్రీ, హేస్ బోనులో తలపడింది మాత్రం వదలకండి. ముందు ఏడాది బోనులో బాకీపడ్డది అక్కడ తీరుతుంది.

మధ్యలో ఊపిరి తీసుకోవడానికి డేవిడ్, జిమ్మీ గార్విన్ గొడవ చూడండి. గార్విన్ అద్దం ముందు నుంచి కదలని షోకిల్లా, పక్కన సన్‌షైన్ అనే అమ్మాయి. పందెంలో ఓడి ఇద్దరూ డేవిడ్ పొలంలో ఒక రోజు వెట్టి చాకిరీ చేయాల్సి వచ్చింది. ఆ వీడియోలు కుస్తీ కానేకావు. పట్నం పెళ్లికొడుకుని అత్తారింట్లో పేడ ఎత్తించినట్టుంటుంది, పడీ పడీ నవ్వాను. డేవిడ్ కంటిలో ఆ కొంటెతనం చూశాక, తర్వాత జరిగింది తెలుసు కనుక, గుండె కలుక్కుమంటుంది.

1984 ఫిబ్రవరి 10న జపాన్ టూర్‌లో ఉన్న డేవిడ్ టోక్యో హోటల్ గదిలో చనిపోయాడు. పేగుల జబ్బు అన్నారు. వయసు పాతికేళ్లు. అందుకే మే 6, ఆదివారం, టెక్సాస్ స్టేడియంలో డేవిడ్ స్మారక ప్రదర్శన పెట్టారు. 32 వేలమందికి పైగా వచ్చారని లెక్క. పెద్దాయనా వాళ్లలో ఒకడు. కెర్రీ వేసుకొచ్చిన అంగీ వీపు మీద 'డేవిడ్ జ్ఞాపకార్థం' అని రాసుంది. పదిహేను నిమిషాలు కూడా పట్టని ఆట. చివర్లో వీపుకి వీపు ఆనించి, చేతులు మెలేసి, ఫ్లేర్‌ని వెనక్కి వంచి భుజాలు నేలకి నొక్కాడు. రిఫరీ మూడు లెక్కపెట్టేదాకా లేవనివ్వలేదు. కెర్రీ ప్రపంచ ఛాంపియన్.

చాలామంది దీన్నే గొప్ప మ్యాచ్ అంటారు. ఆటగా చూస్తే కాదు. ఫ్లేర్ అంతకంటే మంచివి వందలు ఆడాడు, క్రిస్మస్ నాటిది దీనికంటే నయం. కానీ వరసగా చూసుకుంటూ వచ్చి ఇక్కడికి చేరితే ఆ పట్టు, ఈ పట్టు ఎవరు లెక్కపెడతారు? పద్యనాటకంలో రాయబారం విఫలమవుతుందని తెలిసి కూడా మన తాతలు మైళ్లు నడిచి వెళ్లి, పద్యానికి వన్స్‌మోర్ కొట్టేవాళ్లు. ఇదీ అంతే. "అదంతా ముందే అనుకుని ఆడేదని మీకు తెలియదా?" అని ఆయన్ని అడిగాను. "డేవిడ్ చావు ముందే అనుకున్నది కాదుగా" అన్నట్టు చూశాడు. మాట మాత్రం ఏమీ అనలేదు, టేపు ఇంకోసారి వెనక్కి తిప్పాడు.

పద్దెనిమిది రోజులకి, మే 24న, జపాన్‌లోని యోకోసుకాలో బెల్టు మళ్లీ ఫ్లేర్ చేతికి పోయింది. అది చూడకపోయినా నష్టం లేదు.

ఆ తర్వాతవి చూడమని నేను చెప్పను. 1986లో మోటార్ సైకిల్ ప్రమాదం తర్వాత కెర్రీ కుడి పాదం తీసేశారు. జనానికి చెప్పకుండా, బూటులో కృత్రిమ పాదంతో ఏళ్లపాటు ఆడాడు. అది తెలిశాక ఆ రోజుల కెర్రీ ప్రతి గెంతూ భయపెడుతుంది. చిన్న తమ్ముళ్లు మైక్ 1987లో, క్రిస్ 1991లో, తర్వాత కెర్రీ 1993లో ప్రాణాలు తీసుకున్నారు. ఫ్రిట్జ్ పెద్దకొడుకు ఆరేళ్లప్పుడే 1959లో పోయాడు. ఆరుగురిలో మిగిలింది కెవిన్ ఒక్కడే. 2023లో వీళ్ల మీద వచ్చిన సినిమాలో క్రిస్ అసలు లేనే లేడు. అన్ని చావులు చూపిస్తే ప్రేక్షకుడు నమ్మడనుకున్నారేమో.

మనసుకి గుచ్చుకునేవి కూడా ఉంటాయి, ముందే చెప్తున్నా. ఫ్రీబర్డ్స్ ముఖాల మీద అమెరికా అంతర్యుద్ధంలో బానిసత్వం కోసం పోరాడిన దక్షిణ రాష్ట్రాల సైన్యం జెండా రంగులు. 'ఉగాండా నరభక్షకుడు' అని తిప్పిన కమాలా నిజానికి మిసిసిపీ మనిషి, జేమ్స్ హారిస్. నల్లగా, భారీగా ఉన్నందుకు నోరు మూయించి, చేతికి ఈటె ఇచ్చి, ఆకలేసిన జంతువులా నటించమన్నారు. నాలాంటి రంగు మనిషికి అది చూస్తుంటే జనం కేకలు ఇంకోలా వినిపిస్తాయి. నేను అవి దాటేస్తాను.

రీయూనియన్ అరీనా 2009లో పోయింది. 2010 ఏప్రిల్ 11 పొద్దున టెక్సాస్ స్టేడియాన్ని పేల్చేశారు. నేనూ పిల్లాణ్ణి భుజానెక్కించుకుని 183 హైవే పక్కన నిలబడ్డాను. చుట్టూ అందరూ ఫుట్‌బాల్ టీము జెర్సీల్లో ఉన్నారు. రిటైరైన పెద్దాయన కూడా వచ్చాడు, జెర్సీ లేకుండా, చేతిలో ఒక పసుపుపచ్చ గులాబీతో. టెక్సాస్ పసుపుపచ్చ గులాబీ అని డేవిడ్‌ని పిలిచేవాళ్లు. దుమ్ము మా మీదికి వచ్చేసరికి అందరం కార్లలోకి పరిగెత్తాం. ఆయన పువ్వు కంచెకి గుచ్చి వచ్చాడు.

ఇప్పుడు ఇవన్నీ నెట్‌లో దొరుకుతున్నాయి. క్రిస్మస్ 1982, డేవిడ్ పొలం, థాంక్స్‌గివింగ్ 1983, మే 6. ఇదే వరస. ప్రింటు శుభ్రం చేసి పెట్టారు కాబట్టి తలుపు పడే చోట మీకు తెల్లగీతలు కనపడవు.