నట్టుకి స్పానర్ ఎంత టైట్‌గా పట్టాలి? కొంచెం లూజుగా ఉంటే ఫర్వాలేదా?

కొంచెం సందు ఉండాల్సిందే, లేకపోతే స్పానర్ నట్టు మీదికి ఎక్కదు. అందుకే నట్టుని చెప్పిన సైజుకి మించకుండా, స్పానర్ నోటిని అంతకంటే వెంట్రుకవాసి ఎక్కువగా చేస్తారు. ఎమ్8 బోల్టు (కాడ మందం 8 మి.మీ.) తల ఎదురెదురు పక్కల మధ్య 13 మి.మీ. అంటాం కానీ, ప్రమాణం ప్రకారం 12.73 వరకూ తగ్గొచ్చు.

సందు పెరిగితే వచ్చే చిక్కేమిటంటే, స్పానర్ ముందు ఆ సందు మేరకు ఖాళీగా తిరిగి, తర్వాత నట్టు మూలల్ని పట్టుకుంటుంది. పక్క మొత్తం మోయాల్సిన బలం సన్నటి మూల మీద పడి అది నలిగిపోతుంది. రెండు మూడుసార్లు జారితే నట్టు గుండ్రమే!

అర అంగుళం అంటే 12.7 మి.మీ. కాబట్టి అర అంగుళం స్పానర్ పట్టే నట్టుకి 13 మి.మీ. స్పానర్ బాగానే పట్టినట్టు అనిపిస్తుంది. మామూలు బిగువుకి నడుస్తుంది, తుప్పు పట్టినదానికి మాత్రం వద్దు. 19 మి.మీ., ముప్పావు అంగుళం (19.05) దాదాపు ఒకటే.

మొండికేసిన నట్టుకి ఆరు మూలల రింగ్ స్పానరో, సాకెట్టో వాడండి. నోరు అరిగి విచ్చుకున్న పాత స్పానర్ మీద ఏ నంబరున్నా నమ్మకండి.