నలభై ఒకటో పేజీ

నల్లగొండ

బిడ్డా,

నీ నవల రాతప్రతి అందింది. మొదటిసారి ఒక్క రాత్రిలో చదివాను, రెండోసారి పెన్సిల్ పట్టుకుని మెల్లగా చదివాను. చదివించే గుణం నీ చేతిలో ఉంది, దాని గురించి నాకు బెంగ లేదు. నా బెంగంతా వేరే విషయంలో.

నీ మేనేజర్ శవం మొదటి పేజీలోనే దొరికింది. ఆ తర్వాత పేజీలకు పేజీలు కత్తి, నెత్తురు, అర్ధరాత్రి మహబూబ్‌నగర్ పిల్లలమర్రి చెట్టు కింద పరుగులు. ఆ మనిషి నీ కథానాయికను ఏం చేశాడో మాత్రం రెండు వాక్యాల్లో తేల్చేశావు. "రోజూ తిట్టేవాడు. అందరి ముందూ అవమానించేవాడు." ఇది చదివితే నాకు భయం వేయలేదు. తిట్టే మనిషిని ఎవరైనా గుర్తుపడతారు. తిట్టకుండా మనిషిని విరిచేసేవాడి గురించి నువ్వు రాయాలి.

నా సంగతి ఒకటి చెప్తాను. చాలా ఏళ్ల కింద ఒక ఆఫీసులో గుమాస్తాగా చేశాను. ఒక ఫైలు నా చేతిలో పోయిందని పై అధికారి మెమో ఇచ్చాడు. ఆ రోజు నుంచి నా టేబుల్ మీదికి ఫైళ్లు రావడం ఆగిపోయింది. ఆయన ఒక్కనాడూ గొంతు పెంచలేదు. పొద్దున వెళ్లి హాజరు పట్టీలో సంతకం పెట్టడం, సాయంత్రం దాకా ఖాళీ టేబుల్ ముందు కూర్చోవడం. ఏడు నెలలు అంతే. టీకి పోయేటప్పుడు నన్ను పిలవడం తోటివాళ్లు మానేశారు. ఫైలు నిజంగా నేనే పోగొట్టానని నమ్మాను. ఇంట్లో బియ్యం డబ్బాలో చెయ్యి పెట్టి కూడా వెతికాను. చివరికి ఒకనాడు అటెండర్ మెట్ల దగ్గర ఆపి చెప్పాడు: "సార్, ఆ ఫైలు మొదటి సంది పెద్దసారు బీరువలనే ఉన్నది. మీకు చెప్పొద్దన్నడు." అంటే అందరికీ తెలుసు.

ఆ రాత్రి గడియారం సెంటర్ నుంచి ఇంటికి నడుస్తూ, ఆ మనిషి చచ్చిపోతే బాగుండు అనుకున్నాను. ఎట్లా చావాలో కూడా అనుకున్నాను. ఇంటికొచ్చి అన్నం తిని పడుకుంటే ఏడు నెలల తర్వాత మొదటిసారి హాయిగా నిద్రపట్టింది. ఆ నిద్రను తలచుకుంటే నాకు ఇప్పటికీ భయమేస్తుంది. నీ నవలకు కావాల్సిన భయం అది. మేనేజర్ చావును ముందు పాఠకుడే కోరుకోవాలి, శవం ఆ తర్వాత దొరకాలి. దొరికినప్పుడు పాఠకుడు తన చేతులు చూసుకోవాలి. అందుకే శవాన్ని మొదటి పేజీలోంచి తీసెయ్యమంటున్నాను.

అక్కడిదాకా ఎట్లా తీసుకుపోవాలి? పని చూపించి. వేధింపు ఎప్పుడూ పనిలోంచే వస్తుంది. సెలవు మీద సంతకం ఎవరిది, షిఫ్టు ఎవరు వేస్తారు, తప్పు ఎవరి పేరు మీద రాస్తారు, ఇవే ఆ మనిషి చేతిలో ఆయుధాలు. నీ కథానాయిక జడ్చర్ల దగ్గరి పోలేపల్లి సెజ్‌లో (ప్రత్యేక ఆర్థిక మండలిలో) మందుల కంపెనీ క్యూసీ ల్యాబ్‌లో, అంటే మందుల నాణ్యత పరీక్షించే చోట చేస్తుంది. ఇంతకన్నా మంచి చోటు నీకు దొరకదు, కానీ నువ్వు ల్యాబ్ లోపలికే పోలేదు! అక్కడ లాగ్‌బుక్‌లో తప్పు పడితే దిద్దిరాయకూడదు, వైట్‌నర్ పెట్టకూడదు. పాత అంకె కనిపించేలా ఒక్క గీత కొట్టి, పక్కన సంతకం, తేదీ, కారణం రాయాలి. మందులో ఏది ఎంత ఉందో కొలిచే హెచ్‌పీఎల్‌సీ మెషీన్ మీద ఎవరు ఏ టైంకు లాగిన్ అయ్యారో, ఏది మార్చారో అంతా ఆడిట్ ట్రెయిల్‌లో పడుతుంది. ఇప్పుడు ఊహించు. ఆమె నారాయణపేటలో చిన్నమ్మ కూతురి పెళ్లికి పోయిన రాత్రి, తన లాగిన్‌తో ఒక రిజల్టు మారి ఉంటుంది. మేనేజర్ అరవడు. "ఏం కాదులే బిడ్డా, అలిసిపోయినవ్, నేను చూసుకుంటా" అంటాడు. ఆమె పేరు మీద డీవియేషన్, అంటే పద్ధతి తప్పిందన్న నివేదిక, రాస్తాడు. ఆ రాత్రి నిజంగా పెళ్లిలోనే ఉన్నానా అని ఆమె ఫోన్‌లో ఫొటోలు తీసి చూసుకుంటుంది. హత్య జరిగాక పోలీసులు మొదట పట్టుకునేదీ ఆ రికార్డునే.

మేనేజర్ మాటలు కూడా మార్చు. నువ్వు రాసిన మాటలు సినిమా విలన్ మాటలు. "నువ్వు నా చెల్లె లెక్క" అంటూ మూడోవారం కూడా నైట్ షిఫ్టు వేసేవాడు ఎక్కువ భయపెడతాడు.

"మరి ఉద్యోగం మానేయొచ్చు కదా?" అని పాఠకుడు తప్పకుండా అడుగుతాడు. దానికి జవాబు పాలమూరులోనే ఉంది. దేశంలో ఎక్కడెక్కడి డ్యాములకో, కాలువలకో మట్టి మోసిన జిల్లా అది. తాతది వలస బతుకు. నాన్న భూమి ఆ సెజ్ కిందే పోయింది. తమ పొలం మీద కట్టిన కంపెనీలోనే ఆ ఇంటికి మొదటి నెల జీతం వచ్చింది. ఆ అమ్మాయి ఎట్లా మానేస్తుంది? ఈ ఒక్క సంగతికి ఒక అధ్యాయం మొత్తం ఇవ్వు. తొందరపడకు.

పిల్లలమర్రి గురించి ఒక మాట. రాత్రిపూట అక్కడ గేటు మూసేస్తారు, నీ హత్య అక్కడ జరగదు. కానీ ఆ చెట్టును వదలకు. 2018లో ఆ మర్రికి చెదలు పడితే సెలైన్ సీసాలు వేలాడదీసి, సూదులతో మందు ఎక్కించారు. ఆ సీసాలను నీ కథానాయిక చూసి ఉంటుంది. ఆ జ్ఞాపకం ఎక్కడో ఒకచోట రానీ.

పోలీసుల భాగం చిన్న దిద్దుబాటు. కథ 2025లో నడుస్తోంది, నీ సీఐ కేసు పాత ఐపీసీ 302 కింద రాస్తాడు. 2024 జూలై 1 నుంచి జరిగిన హత్యకు భారతీయ న్యాయ సంహిత 103వ సెక్షన్. పాత హెడ్ కానిస్టేబుల్ నోట 302 అనిపించు, ఎఫ్‌ఐఆర్ మీద మాత్రం 103 ఉండాలి.

కమిటీ సీను మాత్రం బాగా ఆలోచించి రాయాలి. పనిచోట లైంగిక వేధింపుల మీద వచ్చిన 2013 చట్టం ప్రకారం పదిమంది, అంతకు మించి పనిచేసే చోట ఇంటర్నల్ కమిటీ ఉండాలి. దానికి అధ్యక్షురాలు మహిళే, బయటి నుంచి కూడా ఒకరు సభ్యులుగా ఉండాలి. ఫిర్యాదు మూడు నెలల లోపు రాసి ఇవ్వాలి. సరైన కారణం ఉంటే కమిటీ ఇంకో మూడు నెలలు ఇవ్వొచ్చు. అయితే ఆ చట్టం లైంగిక వేధింపులకే. ఫైలు దాచడం, షిఫ్టులతో చంపడం, మనిషిని పిచ్చిదాన్ని చేయడం లాంటి వాటికి మన దగ్గర విడిగా చట్టమంటూ లేదు. ఆ గదిలో ఒక పెద్దావిడ జాలిగానే అడుగుతుంది, "నిన్ను ముట్టుకున్నాడా అమ్మా?" అని. ఆమె లేదంటుంది. పెద్దావిడ పెన్ను మూత పెడుతుంది. నీ నవలలో అన్నిటికన్నా హింస ఉండాల్సింది ఆ మూత పెట్టిన చప్పుడులో.

ఇక నలభై ఒకటో పేజీ. నవలంతా "ఆమె" అని రాశావు. ఆ పేజీలో షిఫ్టు బస్సు మహబూబ్‌నగర్ నుంచి బయలుదేరుతుంది. అక్కడ ఒక వాక్యం ఉంది: "నా పక్క సీటు జడ్చర్ల దాకా ఖాళీగానే ఉంది." ఆమె కాదు, నా. రాతప్రతి మొత్తంలో నాకు నచ్చిన వాక్యం అదే. పెన్సిల్‌తో దాన్ని దిద్దబోయి ఆగిపోయాను.

అది చేతి పొరపాటే అయితే నన్ను క్షమించు, నవల పని సాగించు. కాకపోతే మాత్రం నవల పక్కన పెట్టు, అది ఎక్కడికీ పోదు. ఒక నోటుబుక్కు కొనుక్కుని ఏ తేదీన ఏం జరిగింది, ఎవరు చూశారు, ఏమన్నారు అని ఇవాళే రాయడం మొదలుపెట్టు. మెసేజ్‌లు చెరిపేయకు. నేను పైన చెప్పిన మూడు నెలలు కథ కోసం మాత్రమే చెప్పలేదు. ఇంట్లో అమ్మకు చెప్పు. చెప్పలేకపోతే మహిళల హెల్ప్‌లైన్ 181 ఉంది, నేనూ ఉన్నాను. రాత్రి ఎంత పొద్దుపోయినా ఫోన్ చెయ్యి. ఆదివారం పొద్దున్నే బయలుదేరి మీ ఇంటికి రమ్మన్నా వస్తాను.

నీ పెద్దనాన్న లాంటివాడు